అద్దాల ఆఫీసుల్లో హాయి ఎంత?

ఆఫీసు భవనంలో కూర్చుని పనిచేసే మనిషి హాయి నాలుగింటి మీద ఆధారపడి ఉంటుంది: వేడి, గాలి, వెలుతురు, చప్పుడు. కుర్చీ, బల్ల, మెట్లు, మరుగుదొడ్లు, భోజనం చేసే చోటు ఆ తర్వాత వస్తాయి. వీటిలో చాలా భాగం ఉద్యోగి ఆ ఆఫీసులో చేరకముందే, ఆ మాటకొస్తే కంపెనీ ఆ భవనాన్ని అద్దెకు తీసుకోకముందే తేలిపోతుంది. భవనం ఏ దిక్కుకు తిరిగి ఉంది, గోడలో అద్దం ఎంత, కిటికీ నుంచి హాలు నడిమికి ఎంత దూరం, ఆ కిటికీ తెరుచుకుంటుందా అన్నవి ప్లాను గీసిన రోజునే ఖాయమవుతాయి. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు ఏసీలూ బ్లైండ్లూ ట్యూబులైట్లూ ఆ మొదటి నిర్ణయాల బరువునే మోస్తుంటాయి.

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అప్పటి నుంచి హైదరాబాద్ పడమటి వైపు లేచిన ఆఫీసు భవనాల్లో ఎక్కువ భాగానిది ఒకే మూస: చుట్టూ అద్దం, లోపల విశాలమైన హాలు, తెరుచుకోని కిటికీలు, పైకప్పు నుంచి దిగే చల్లగాలి. ఈ మూస చలిదేశాల్లో కుదురుకున్నది. అక్కడ అద్దంలోంచి లోపలికి వచ్చే ఎండ చాలా నెలలు ఇష్టంగానే ఉంటుంది. దక్కన్‌లో అదే ఎండను ఏడాదిలో ఎక్కువ రోజులు కరెంటు ఖర్చుపెట్టి బయటికి తోయాలి. లోపల కూర్చునేవాళ్ల కంటే రోడ్డు మీద నుంచి చూసేవాళ్లకే ఈ భవనాలు ఎక్కువ నచ్చుతాయంటే తప్పు కాదు.

హాయిని నిర్ణయించే ఆరు అంశాలు

మనిషి ఒళ్లు ఎప్పుడూ వేడిని పుట్టిస్తూనే ఉంటుంది. కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసే మనిషి ఒంట్లోంచి సుమారు వంద వాట్ల వేడి బయటికి పోవాలి. పుట్టిన వేడి పుట్టినట్టే పోతుంటే హాయి. అంతకంటే ఎక్కువ పోతే చలి, తక్కువ పోతే ఉక్క. డెన్మార్క్ ఇంజనీరు ఓలె ఫాంగర్ 1970లో వెలువరించిన గ్రంథంలో ఈ లెక్కను ఆరు అంశాల మీద నిలబెట్టాడు. గాలి ఉష్ణోగ్రత ఒకటి. చుట్టూ ఉన్న గోడలు, అద్దాలు, కప్పు ప్రసరించే వేడి రెండోది. గాలి వేగం, గాలిలో తేమ, ఒంటి మీది బట్టలు, చేస్తున్న పని మిగతా నాలుగు. ఆఫీసు గోడకు బిగించిన థర్మోస్టాట్ వీటిలో మొదటిదాన్ని మాత్రమే చూస్తుంది. ఫిర్యాదుల్లో చాలావరకు అది చూడని వాటి నుంచే పుడతాయి.

మే నెలలో సాయంత్రం ఐదు కావస్తుండగా పడమటి అద్దం పక్క వరసను గమనిస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. థర్మోస్టాట్ 23 డిగ్రీలు చూపిస్తుంటుంది. బ్లైండు పూర్తిగా దించి ఉంటుంది, అయినా దాని అంచుల్లోంచి ఎండ చార కీబోర్డు మీద పడుతుంటుంది. మధ్యాహ్నం నుంచి కాగిన అద్దం, దానికి ఆనుకుని వేడెక్కిన బ్లైండు రెండూ పక్కన కూర్చున్న మనిషి చెంపకీ చేతికీ సెగ కొడుతుంటాయి. మూడు వరసలు లోపలికి పోతే ఫాల్స్ సీలింగ్ జాలీ కింద కూర్చున్న అమ్మాయి చున్నీ మెడకు చుట్టుకుని, చేతులు ఒడిలో పెట్టుకుని ఉంటుంది. ఆమె నెత్తిమీది జాలీకి ఎవరో ఏనాడో అట్టముక్క పెట్టి టేపు వేసి ఉంటారు. ఇద్దరూ ఫెసిలిటీస్ విభాగానికి ఫిర్యాదు పెడతారు, ఒకరు వేడి అని, ఒకరు చలి అని. ఆ విభాగం చేతిలో ఉన్న మీట ఒక్కటే కనుక ఏసీని రెండు డిగ్రీలు తగ్గిస్తుంది. అద్దం పక్కనున్న మనిషికి సెగ తగ్గదు, ఎందుకంటే అది గాలి ద్వారా రావడం లేదు. లోపలున్న అమ్మాయి స్వెట్టరు వేసుకుంటుంది.

ఈ తగువు తీర్పు సూర్యుడి దారిలో ఉంది. హైదరాబాద్ సుమారు పదిహేడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివరి వారంలో కూడా మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన దాదాపు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు. కాబట్టి దక్షిణపు కిటికీ మీద మూడడుగుల సన్‌షేడ్ వేస్తే దాని కింద మూడున్నర అడుగుల దాకా నీడ పడుతుంది. నడివేసవిలో సూర్యుడు నెత్తి మీదికి వచ్చేస్తాడు, దక్షిణపు గోడకు ఎండ తగలడమే తక్కువ. పడమర సంగతి వేరు. మే నెల సాయంత్రం ఐదింటికి సూర్యుడు నేలకు ఇరవై డిగ్రీల పైచిలుకు ఎత్తులో నేరుగా ముఖానికి కొడతాడు. ఆ ఎండను సన్‌షేడ్‌తో ఆపాలంటే ఆరడుగుల కిటికీకి పదిహేను అడుగుల సన్‌షేడ్ కావాలి, అది జరిగే పని కాదు. తూర్పున ఉదయం పూట ఇదే కథ, కాకపోతే అప్పటికి గాలి ఇంకా చల్లగా ఉంటుంది. అందుకే ఈ ప్రాంతంలో ఆఫీసు భవనాన్ని తూర్పు పడమరలుగా పొడవు సాగేలా పెట్టి, పెద్ద కిటికీలను ఉత్తర దక్షిణాలకు ఇచ్చి, పడమటి వైపు లిఫ్టులు, మెట్లు, మరుగుదొడ్లు, స్టోరు గదులు కట్టడం మంచి పద్ధతి. సాయంత్రం సెగ అప్పుడు మనుషుల మీద కాక మెట్ల గోడ మీద పడుతుంది. తప్పనిసరై పడమటికి కిటికీ పెడితే నిలువు రెక్కలో, జాలీయో, చెట్టో అద్దానికి బయటి వైపు ఉండాలి. లోపలి బ్లైండు వెలుతురును ఆపినంతగా వేడిని ఆపలేదు, అది పనిచేసే సమయానికి ఎండ అద్దం దాటి లోపలికి వచ్చేసి ఉంటుంది.

పెద్ద వాణిజ్య భవనాలకు వర్తించే ఇంధన పొదుపు భవన నియమావళి కూడా, డిజైనర్లు దాని నిర్దేశాలను ఉన్నవి ఉన్నట్టు పాటించే పద్ధతిలో, బయటి గోడలో అద్దం 40 శాతం మించకూడదంటుంది. మొత్తం భవనం కరెంటు వాడకాన్ని లెక్కగట్టి చూపించే రెండో దారిలో అంతకంటే ఎక్కువ అద్దం పెట్టుకునే వెసులుబాటు ఉంది. ఖరీదైన అద్దమూ మెరుగైన ఏసీ యంత్రమూ పెట్టి లెక్క సరిచేయవచ్చు. లెక్క సరిపోవచ్చు గానీ కిటికీ పక్క వరసలో సెగ ఆ లెక్కలోకి రాదు.

ఎంత చల్లదనం చాలు?

ఏసీ ఎన్ని డిగ్రీల దగ్గర ఉండాలన్నది ప్రతి ఆఫీసులోనూ రగిలే వివాదం. ఇందులో సగం గొడవ పాత లెక్కల వల్ల వచ్చింది. ఆఫీసు ఉష్ణోగ్రతలను నిర్ణయించే పద్ధతుల్లో ఒంటి వేడికి వాడుతున్న విలువ నలభై ఏళ్ల వయసు, డెబ్బై కిలోల బరువు ఉన్న మగమనిషిదని, స్త్రీల ఒళ్లు కూర్చుని చేసే పనిలో అంతకంటే తక్కువ వేడిని పుట్టిస్తుందని 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. బట్టలు రెండో కారణం. కోటూ టైతో కూర్చునేవాళ్ల కోసం పెట్టిన చల్లదనం నూలు చీరకీ, చుడీదారుకీ, పొట్టి చేతుల చొక్కాకీ నప్పదు. ఆఫీసు చలి మీద ఆడవాళ్ల ఫిర్యాదు ఎక్కువగా వినిపించడానికి వెనుక ఈ రెండూ ఉన్నాయి. సున్నితం అనుకుని కొట్టిపారేసే విషయం కాదిది.

ఫాంగర్ లెక్క ప్రయోగశాల గదుల్లోంచి వచ్చింది. నిజమైన భవనాల్లో మనుషులు చొక్కా చేతులు మడుస్తారు, ఫ్యాను వేస్తారు, కిటికీ తీస్తారు, మంచినీళ్లు తాగుతారు, వేసవికి వేసవిలా సర్దుకుంటారు. ఈ సర్దుబాటును లెక్కలోకి తీసుకునే నమూనాను రిచర్డ్ డి డియర్, గేల్ బ్రేగర్ 1998లో రూపొందించారు. భారతదేశానికి అలాంటిదే ఒకటి కావాలని అహ్మదాబాద్‌లోని సెప్ట్ విశ్వవిద్యాలయం ఐదు నగరాల్లో 16 ఆఫీసు భవనాల్లో సర్వే చేసి, ఆరు వేల పైచిలుకు జవాబులు సేకరించింది. 2014లో వెలువడిన ఆ నమూనా తర్వాత 2016 జాతీయ భవన నియమావళిలోకి ఎక్కింది. కిటికీలు తెరుచుకునే భవనాల్లో గత కొద్ది వారాల బయటి సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే లోపలివాళ్లకు హాయిగా తోచే ఉష్ణోగ్రత కూడా దాదాపు అర డిగ్రీ పెరుగుతుందని అందులో తేలింది.

తెలుగు నేలకు మరింత దగ్గరి లెక్క కూడా ఉంది. మాధవి ఇంద్రగంటి బృందం హైదరాబాద్, చెన్నై నగరాల్లో 28 ఆఫీసు భవనాల్లో ఏడాదికి పైగా తిరిగి, దాదాపు 2,800 మందిని వాళ్ల సీట్ల దగ్గరే అడిగి కొలతలు తీసింది. ఏసీ లేనప్పుడు 28 డిగ్రీలు, ఏసీ నడుస్తున్నప్పుడు 26.4 డిగ్రీలు వాళ్లకు హాయిగా ఉన్నట్టు వచ్చింది. చాలా ఆఫీసులు 22, 23 దగ్గర బిగించి ఉంచే ఏసీకీ దీనికీ మధ్య మూడు నాలుగు డిగ్రీల తేడా ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే ఏసీ కరెంటు సుమారు 6 శాతం ఆదా అవుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. 2020 నుంచి స్టార్ రేటింగ్ ఉన్న గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలన్న నిబంధన కూడా ఆ ఆలోచనలోంచే వచ్చింది.

సీలింగ్ ఫ్యాను ఈ చర్చలో చేరకపోవడం విచిత్రం. ఒంటి మీద సెకనుకు మీటరు లోపు వేగంతో గాలి ఆడితే రెండు మూడు డిగ్రీల చల్లదనం తోస్తుంది. ఏసీని 26 దగ్గర ఉంచి ఫ్యాను తిప్పితే ఖర్చూ తగ్గుతుంది, ఎవరి నెత్తిమీది ఫ్యాను వేగం వాళ్లు మార్చుకునే వీలూ ఉంటుంది. కానీ ఫాల్స్ సీలింగ్ కింద ఫ్యాను వేలాడితే ఆఫీసు ఆధునికంగా కనిపించదన్న అపోహ బలంగా పాతుకుపోయింది.

ఫ్యాను వేగం మార్చుకునే ఆ వీలే అసలు విషయం. తన చుట్టూ ఉన్న పరిస్థితిని కొంతైనా మార్చుకోగలిగిన మనిషి అదే ఉష్ణోగ్రతను ఎక్కువ ఓర్పుతో భరిస్తాడని క్షేత్ర పరిశోధనలు పదేపదే చూపించాయి. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కేంద్రం 215 భవనాల్లో 34 వేల మందికి పైగా ఉద్యోగుల జవాబులను క్రోడీకరించి 2006లో ప్రచురించింది. నూటికి ఎనభై మంది తృప్తిగా ఉండాలన్నది ప్రమాణం. వేడి చలి విషయంలో ఆ గీత దాటినవి 11 శాతం భవనాలే. దాటనివన్నీ చౌకబారు భవనాలేమీ కావు.

రెండు హైదరాబాద్ భవనాలు

కొండాపూర్‌లోని సీఐఐ సొరాబ్జీ గోద్రెజ్ హరిత వాణిజ్య కేంద్రాన్ని 2004 జులైలో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. హరిత భవనాలకు ఇచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపును అమెరికా బయట పొందిన మొదటి భవనం అది. వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్. గుండ్రటి నడవాకు చుట్టూ గదులుంటాయి, నడుమ ఆకాశం కనిపించే పెరడు. జాలీ గోడలు ఎండను ముక్కలు చేసి లోపలికి పంపుతాయి. రెండు గాలి బురుజులు బయటి గాలిని పట్టి, కాస్త చల్లబరిచి ఏసీకి అందిస్తాయి, దాంతో యంత్రం మీద భారం తగ్గుతుంది. కప్పు మీద చాలా మేర మట్టి, పచ్చిక ఉంటాయి. ఇందులో పూర్తిగా కొత్తదేదీ లేదు. పెరడు, జాలీ, గాలి బురుజు పాతవే. అవి కంప్యూటర్లు నడిచే ఆఫీసుకు పనికొస్తాయని చేసి చూపడంలోనే ఆ భవనం గొప్పతనం ఉంది.

పోచారంలోని ఇన్ఫోసిస్ ప్రాంగణంలో జరిగిన ప్రయోగం ఇంజనీర్లకు మరింత ఆసక్తికరం. 2011 ప్రాంతంలో కట్టిన ఒక భవనాన్ని అచ్చుగుద్దినట్టు రెండు సమాన భాగాలుగా చేసి, ఒక భాగానికి మామూలు పద్ధతిలో చల్లగాలి పంపే ఏసీ పెట్టారు. రెండో భాగంలో కాంక్రీటు కప్పు లోపల గొట్టాలు పరిచి చల్లటి నీళ్లు పారించారు. ఆ కప్పు ఒంటి వేడిని, గదిలోని వేడిని నేరుగా లాగేసుకుంటుంది. గాలి పంపే పని పీల్చుకోవడానికి కావలసిన తాజా గాలి వరకే మిగిలింది, తేమ తీసి ఆ గాలిని వేరే దారిన ఇచ్చారు. అలా తీయకపోతే చల్లటి కప్పుకు నీటి బొట్లు పట్టి కింద పడతాయి. రెండేళ్ల కొలతల్లో నీటి గొట్టాల భాగం సుమారు మూడో వంతు తక్కువ కరెంటు వాడింది. ఉద్యోగుల సర్వేలో తృప్తి కూడా అటువైపే ఎక్కువ. నెత్తిన కొట్టే గాలి లేకపోవడం, చుట్టూ ఉన్న తలాలు చల్లగా ఉండటం ఫాంగర్ ఆరింటిలో రెండింటిని ఒకేసారి సరిచేసినట్టయింది.

మూసిన గదిలో గాలి

వేడి తర్వాత పెద్ద లోపం గాలిది, పైగా ఇది కనిపించదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అమెరికాలో భవనాలకు మనిషికి నిమిషానికి 15 ఘనపుటడుగుల బయటి గాలి ఇవ్వాలన్నది లెక్క. 1973 చమురు సంక్షోభం వచ్చాక ఇంధనం మిగల్చడానికి దాన్ని 5కు దించారు. కిటికీలు బిగించారు, సందులు పూడ్చారు. పదేళ్లు తిరక్కుండా తలనొప్పి, కళ్లమంట, గొంతు గరగర, నీరసం లాంటి ఫిర్యాదులు గుట్టలుగా వచ్చాయి. ఈ బాధలు ఆఫీసులో ఉన్నంతసేపు ఉండి ఇంటికి వెళ్లగానే తగ్గేవి. కొత్తగా కట్టిన, మార్పులు చేసిన భవనాల్లో 30 శాతం దాకా ఇలాంటివి ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1984 నివేదిక పేర్కొంది. దీనికే సిక్ బిల్డింగ్ సిండ్రోమ్ అని పేరు. తర్వాత ప్రమాణాన్ని మళ్లీ 15కి, ఆఫీసులకైతే 20కి పెంచారు.

మరీ ప్రమాదకరమైన పార్శ్వం 1976లో ఫిలడెల్ఫియాలో బయటపడింది. ఒక హోటల్‌లో మాజీ సైనికుల మహాసభకు వచ్చినవాళ్లలో దాదాపు ముప్పై మంది న్యుమోనియా లాంటి జబ్బుతో చనిపోయారు. కారణమైన బాక్టీరియాను మరుసటి ఏడాది గుర్తించి లెజియొనెల్లా అని పేరు పెట్టారు. అది గోరువెచ్చని నీటిలో పెరిగి తుంపర్ల ద్వారా ఊపిరితిత్తులకు చేరుతుంది. పెద్ద భవనాల మీది కూలింగ్ టవర్లను శుభ్రంగా ఉంచడం అప్పటి నుంచి ఆరోగ్య విషయమైంది.

తెలుగు పట్టణాల్లో ఎక్కువమంది పనిచేసే ఆఫీసులు ఇంత పెద్దవి కావు. బ్యాంకు బ్రాంచి, ఆడిటర్ ఆఫీసు, అపార్ట్‌మెంట్ ఫ్లాటులో నడిచే చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ, వీటన్నిటిలో గోడకు స్ప్లిట్ ఏసీ ఉంటుంది. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. ఇరవై అడుగుల పొడవు, పదహారు అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిలో పన్నెండు మంది కూర్చుని తలుపులు బిగించుకున్నారనుకుందాం. కూర్చున్న మనిషి గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. గాలి ఏమాత్రం మారకపోతే గంటలో అది రెండు వేల పీపీఎం (పది లక్షల భాగాల్లో వంతులు) పైగా పెరుగుతుంది. బయటి గాలిలో అది 420 ప్రాంతం; వెయ్యి దాటితే గాలి సరిగ్గా మారడం లేదని గుర్తుగా తీసుకుంటారు. నిజానికి తలుపు సందులు కొంత కాపాడతాయి, అయినా మధ్యాహ్నం మూడింటికి అందరికీ ముంచుకొచ్చే మగతలో నింద మొత్తం పప్పన్నానిది కాదు.

కార్బన్ డయాక్సైడ్ ఆలోచనను నేరుగా మందగింపజేస్తుందా అన్నదానిపై ఫలితాలు ఒక్క మాట మీద లేవు. హార్వర్డ్ బృందం 24 మందిని ఆరు రోజులు వేర్వేరు గాలి పరిస్థితుల్లో కూర్చోబెట్టి పరీక్షించి, గాలి బాగున్న రోజుల్లో నిర్ణయాలు తీసుకునే సామర్థ్యం గణనీయంగా మెరుగ్గా ఉందని ప్రకటించింది. ఇంత పెద్ద తేడా అన్ని ప్రయోగాల్లోనూ కనిపించలేదు. అయితే కార్బన్ డయాక్సైడ్ పెరిగిన గదిలో మిగతావి కూడా పేరుకుంటాయన్నదాంట్లో సందేహం లేదు: ఒకరి జలుబు మరొకరికి అంటించే తుంపర్లు, ప్రింటరు పొడి, కొత్త ప్లైవుడ్డూ జిగురూ పెయింటూ వదిలే ఫార్మాల్డిహైడ్ లాంటి ఆవిర్లు. కొత్త ఆఫీసులో వచ్చే ‘కొత్త వాసన’ ఈ ఆవిర్లదే. ఫర్నిచరు బిగించాక కొన్ని రోజులు కిటికీలు తెరిచి ఫ్యాన్లు తిప్పి, ఆ తర్వాత మనుషులను రానిస్తే చాలా తేడా ఉంటుంది.

మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయన్న ప్రచారం గురించి ఒక మాట. 1989లో నాసా మూసిన చిన్న పెట్టెల్లో చేసిన ప్రయోగాలే దానికి ఆధారం. మామూలు ఆఫీసులో గాలి మార్పిడి చేసే పనిని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలైనా కావాలని ఇటీవలి సమీక్షలో తేలింది. అంత అడవిలో బల్ల వేసే చోటు ఉండదు. మనీప్లాంటు కంటికి హాయిగా ఉంటుంది, అందుకే పెట్టుకోవచ్చు.

వెలుతురు, కిటికీ

ఎండలో నిలబడితే కంటి ముందు లక్ష లక్స్ వెలుతురు ఉంటుంది. మబ్బు పట్టినా పది వేలు. ఆఫీసు బల్ల మీద ప్రమాణం 300 నుంచి 500. చదవడానికి ఇది చాలు, ఒంటి గడియారానికి మాత్రం చాలదు. కంటిపొరలో చూపుతో నిమిత్తం లేకుండా పగలూ రాత్రీ తేడాను మెదడుకు చెప్పే కణాలు ఉన్నాయని ఈ శతాబ్దం మొదట్లో కనుగొన్నారు. అవి నీలి ఛాయ వెలుతురుకు ఎక్కువ స్పందిస్తాయి, వాటికి పగటి వెలుతురు దండిగా కావాలి. 2014లో అమెరికాలో 49 మంది పగటి ఉద్యోగులను పోల్చిన ఒక చిన్న అధ్యయనంలో కిటికీ వెలుతురు అందేవాళ్లు అందనివాళ్ల కంటే రాత్రి సగటున 46 నిమిషాలు ఎక్కువ నిద్రపోయారు. అమెరికా వేళలకు పనిచేసే హైదరాబాద్ ఐటీ ఉద్యోగులకు ఇది తిరగబడుతుంది. రాత్రంతా తెల్లటి దీపాల కింద కూర్చుని, తెల్లారి క్యాబ్‌లో ఎండ కళ్లల్లో పడుతూ ఇంటికి చేరితే నిద్ర పట్టడం కష్టమే. రాత్రి షిఫ్టు చివరి గంటల్లో దీపాలు తగ్గించి, పసుపు ఛాయకు మార్చగలిగితే కొంత మేలు.

కిటికీ వెలుతురు లోపలికి ఎంత దూరం పోతుందన్నదానికి ఒక మోటు లెక్క ఉంది: కిటికీ పై అంచు ఎత్తుకు రెండు నుంచి రెండున్నర రెట్లు. తొమ్మిది అడుగుల ఎత్తున్న కిటికీ ఇరవై అడుగుల దాకా పనికొస్తుంది. పాత కచేరీ భవనాలు సన్నగా, వరండాలతో, కప్పు కింద వెంటిలేటర్లతో ఉండటానికి ఇదీ ఒక కారణం. వేసవిలో తలుపులకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు. 1928లో అమెరికాలోని శాన్ ఆంటోనియోలో పూర్తిగా ఏసీ ఉన్న మొదటి ఎత్తైన ఆఫీసు భవనం వచ్చింది, 1938లో ట్యూబులైటు మార్కెట్లోకి వచ్చింది. ఈ రెండూ కలిసి కిటికీ అవసరాన్ని తీసేశాయి. అంతస్తు వంద అడుగుల లోతుకు పోయినా అడ్డేమీ లేకపోయింది. అద్దాల భవనంలో పట్టపగలు అన్ని దీపాలూ వెలగడం దీని ఫలితమే. నడి హాలుకు వెలుతురు చేరదు. అద్దం పక్కన మితిమీరిన వెలుతురు స్క్రీను మీద మెరుస్తుంది కాబట్టి అక్కడ బ్లైండు దించుతారు.

చూపు సంగతి ఇంకొకటి. 1984లో రోజర్ ఉల్రిక్ ఒక ఆసుపత్రి రికార్డులను పరిశీలించి, పిత్తాశయ శస్త్రచికిత్స తర్వాత కిటికీలోంచి చెట్లు కనిపించిన రోగులు ఇటుక గోడ కనిపించినవాళ్ల కంటే ముందుగా ఇంటికి వెళ్లారని, నొప్పి మందులు తక్కువ అడిగారని చూపాడు. ఆఫీసు ఆసుపత్రి కాదు, అయినా దూరంగా చూపు ఆనించే చోటు కళ్ల కండరాలకు విశ్రాంతినిస్తుంది. మేనేజర్ల కేబిన్లను కిటికీల వెంబడి కట్టి, మీటింగుల్లో ఉండి రోజులో సగం ఖాళీగా ఉండే ఆ గదులకు చెట్లూ ఆకాశమూ ఇచ్చి, పొద్దంతా సీటు కదలనివాళ్లను నడి హాలులో పెట్టడం చాలా చోట్ల ఉన్న వాడుక. కేబిన్లను లోపలికి జరిపి, వాటికి అద్దపు గోడలు పెడితే ఇద్దరికీ వెలుతురు దక్కుతుంది.

పక్క సీటు మాటలు

గోడలు లేని హాలు ఆఫీసును జర్మనీలో 1950ల చివర్లో క్విక్‌బోర్నర్ బృందం మొక్కలతో, వంకర వరసలతో రూపొందించింది. 1968లో అమెరికాలో రాబర్ట్ ప్రాప్స్ట్ కదిలించగల అడ్డుపలకలతో తెచ్చిన ఫర్నిచరును కంపెనీలు కుదించి కుదించి క్యూబికల్ చేశాయి. తర్వాత ఆ పలకలూ పోయి పొడవాటి బల్లలు మిగిలాయి. గోడలు తీసేస్తే మనుషులు కలిసి మాట్లాడుకుంటారన్నది వాదన. హార్వర్డ్‌కు చెందిన బెర్న్‌స్టైన్, టర్బన్ రెండు కంపెనీల ఉద్యోగుల మెడలో సెన్సర్లు వేసి చూశారు. హాలు ఆఫీసుకు మారాక ముఖాముఖి మాటలు దాదాపు 70 శాతం తగ్గి, ఈమెయిళ్లు పెరిగాయి. అందరి కళ్లూ పడుతున్నప్పుడు మనిషి హెడ్‌ఫోన్లు పెట్టుకుని స్క్రీనులోకి దూరిపోతాడు.

ఏసీ హోరు కంటే అర్థమయ్యే మాట ఎక్కువ ఇబ్బంది. చెవికి అందిన మాటను వద్దనుకున్నా మెదడు విప్పుకుంటుంది, చేస్తున్న లెక్క చెదిరిపోతుంది. పక్క సీటు వ్యక్తి ఫోనులో అత్తగారితో మాట్లాడే తెలుగు మాటలు అవతలి బేలో మాట్లాడే అర్థంకాని భాష కంటే అందుకే ఎక్కువ అడ్డుతగులుతాయి. వీడియో కాల్స్ పెరిగాక ఇది ఇంకా పెరిగింది. శబ్దాన్ని పీల్చే సీలింగ్ పలకలు, కార్పెట్, బల్లల మధ్య తలెత్తు వరకు అడ్డుపలకలు, ఫోను మాట్లాడుకోవడానికి చిన్న గదులు కావాలి. గ్రానైటు నేల, అద్దపు గోడలు, పైన బోసి కాంక్రీటు ఉన్న హాలు ఫొటోలో బాగుంటుంది, చెవికి నరకం.

ఖర్చు ఎవరిది, బాధ ఎవరిది

వేడి, గాలి, వెలుతురు, చప్పుడు కాక మిగతావాటిలో చట్టం చెప్పేవి కొన్ని ఉన్నాయి. 50 మంది, అంతకు పైన ఉద్యోగులున్న సంస్థ పసిపిల్లల సంరక్షణ కేంద్రం నడపాలని 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం నిబంధన పెట్టింది. చక్రాల కుర్చీకి ర్యాంపు పన్నెండు అడుగులకు ఒక అడుగు మించి ఎత్తు లేవకూడదు. మెట్లు చీకటి మూలలో, ఇనుప తలుపు వెనుక కాకుండా లిఫ్టు పక్కనే వెలుతురులో ఉంటే రెండు అంతస్తులకు ఎక్కువమంది మెట్లే వాడతారు. స్క్రీను పై అంచు కంటి మట్టానికి, చేతి దూరంలో ఉండటం, పాదాలు నేలకు ఆనడం మెడకీ నడుముకీ మంచిది. పొట్టివాళ్లకు కాళ్లపీట అడగకుండానే ఇవ్వాలి.

ఆఫీసు నడిపే ఖర్చులో సుమారు 90 శాతం జీతాలదేనని ప్రపంచ హరిత భవన మండలి 2014 నివేదిక లెక్కగట్టింది. ఆ లెక్కన కరెంటు బిల్లు తగ్గించడానికి తాజా గాలి తగ్గించడం పైసా వేట, రూపాయి నష్టం. అయినా ఆ నష్టం ఎందుకు సాగుతుందంటే భవనం కట్టేది ఒకరు, అద్దె కట్టేది మరొకరు, లోపల కూర్చునేది మూడోవారు. కట్టేవారికి పడమటి అద్దం అద్దె తెస్తుంది. అద్దె కట్టేవారికి చదరపు అడుగు లెక్క కనిపిస్తుంది గానీ మగతకు బిల్లు రాదు. హాయి పెరిగితే పని ఎంత పెరిగిందో శాతాల్లో చెప్పే ప్రకటనలను కూడా ఆచితూచి తీసుకోవాలి. 1924లో చికాగో దగ్గర హాథోర్న్ కర్మాగారంలో దీపాల వెలుతురు మారుస్తూ మొదలుపెట్టిన ప్రయోగాల్లో వెలుతురు పెంచినప్పుడే కాక తగ్గించినప్పుడు కూడా పని పెరిగిన సందర్భాలు వచ్చాయి. తమను ఎవరో పట్టించుకుంటున్నారన్న భావన ఫలితాలను కలుషితం చేస్తుంది.

కట్టేసిన భవనంలోనూ చేయగలిగినవి తక్కువేమీ లేవు. పడమటి అద్దానికి ఆనుకున్న వరసను నాలుగడుగులు లోపలికి జరిపి ఆ జాగాలో నడవ పెట్టవచ్చు, వీలైతే అద్దానికి బయట జాలీ వేయవచ్చు. ఫాల్స్ సీలింగ్‌లోని ఏసీ జాలీలకు అట్టలు అంటించిన చోట్లన్నీ లెక్కపెడితే గాలి ఎక్కడ నెత్తిన కొడుతోందో పటం గీసినట్టే, ఆ గాలి దిశలు మార్చడం ఒక సాయంత్రం పని. ఏసీ 25, 26 దగ్గర ఉంచి బల్ల ఫ్యాన్లు ఇవ్వవచ్చు. తాజా గాలి డ్యాంపర్లు మూసి తుప్పు పట్టాయేమో చూడాలి, కార్బన్ డయాక్సైడ్ మీటరు మధ్యాహ్నం మూడింటికి మీటింగు గదిలో పెట్టి చూడాలి. స్ప్లిట్ ఏసీ గదికి ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను, గంటకోసారి పది నిమిషాలు తెరిచే కిటికీ చాలా తేడా తెస్తాయి. ఇవన్నీ చేశాక ఆరు నెలలకు ఒకసారి, వేసవిలో ఒకటి చలికాలంలో ఒకటిగా, ఉద్యోగులను సీటు నంబరుతో సహా అడగాలి. సీటు నంబరు లేని సర్వేలో వేడి అన్నవాళ్లూ చలి అన్నవాళ్లూ కలిసి సగటున ‘బాగుంది’ అని తేలుతుంది.